పొదకూ పొదకూ నడుమ

"బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు" అని ఇప్పటికీ అంటూనే ఉంటాం. ఆ బలుసు ఎక్కడ మొలుస్తుందో తెలిసినవాళ్లు మాత్రం తగ్గిపోయారు. అది తోటలో వేసేది కాదు, పెరట్లో పెంచేదీ కాదు. కొండ పాదాల దగ్గర, గరుసు మిట్టల మీద, రేగు, కలివి, చండ్ర, తంగేడు సరసన పెరిగే ముళ్ల పొద. చేలో గింజ రాలని ఏడాది కూడా దాని ఆకు దొరికేది. అందుకే సామెతలోకి ఎక్కింది. ఆ సామెత పుట్టిన అడవిని చిట్టడవి అంటారు.

రాయలసీమలో, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు, నెల్లూరు మెట్టల్లో ఈ అడవి కనిపిస్తుంది. రోడ్డు మీంచి చూస్తే చూపు ఆగదు. అక్కడొక పొద, ఇక్కడొక పొద, మధ్యలో రాళ్లు, ఎర్రమట్టి, ఎండిన గడ్డి. "అక్కడేముంది, కంపే కదా" అని దాటిపోతాం. ఆ కంప మధ్యలో ఖాళీ కనిపించగానే మొక్కలు నాటాలన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. చిట్టడవికి పొదలు ఎంత అవసరమో పొదల నడుమ ఖాళీ నేల అంత అవసరం. ఆ ఖాళీని పూడ్చేకొద్దీ పచ్చదనం పెరిగినట్టు కనిపిస్తుంది, లోపల అడవి చచ్చిపోతుంది.

ముందు కాగితాల మీది సంగతి చూద్దాం, ఎందుకంటే నేల మీద జరిగేది అక్కడే మొదలవుతుంది. భారత అటవీ సర్వే లెక్కలో, ఒక హెక్టారుకు తగ్గని చోట చెట్ల కొమ్మల నీడ 10 శాతం దాటితే అది అటవీ విస్తీర్ణం. 10 నుంచి 40 శాతం దాకా పలుచని అడవి, 40 నుంచి 70 దాకా ఒక మోస్తరు దట్టమైనది, 70 దాటితే చాలా దట్టమైనది. నీడ 10 శాతం కూడా లేని అటవీ భూమికి పొద భూమి అని వేరే గడి ఉంది. ఆ గడి అటవీ విస్తీర్ణం మొత్తంలో కలవదు. చెట్టు ఏ జాతిదో, భూమి ఎవరిదో ఆ లెక్క అడగదు కాబట్టి జామాయిల్ తోట కలుస్తుంది, మామిడి తోట కలుస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే బంజరు భూముల అట్లాస్‌లోనైతే దట్టమైన పొదల నేల, పలుచని పొదల నేల రెండూ బంజరు కిందికే వస్తాయి. అంటే వందల ఏళ్లుగా ఉన్న చిట్టడవిని కొట్టేసి జామాయిల్ వేస్తే కాగితం మీద ఒక బంజరు తగ్గి ఒక అడవి పెరుగుతుంది. దీనిలో ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. కొలబద్ద నీడను కొలుస్తోంది. చిట్టడవి బతుకంతా ఎండలో ఉంది.

ఈ నేలకు ఏం తెలుసో చెప్పడానికి కలివి కోడిని మించిన సాక్షి లేదు.

కలివి అంటే వాక్కాయకు దగ్గరి చుట్టమైన ముళ్ల పొద. ఆ పొదల్లో తిరిగే పిట్ట కాబట్టి కలివి కోడి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ దీన్ని 1848లో లోకానికి తెలియజేశాడు కనుక ఇంగ్లిషువాళ్లు ఆయన పేరు పెట్టారు. 27 సెంటీమీటర్ల పిట్ట, రొమ్ము మీద రెండు పట్టీలు, పెద్ద కళ్లు. రాత్రి మాత్రమే తిరుగుతుంది. ఎగరడం కన్నా పరిగెత్తడమే ఎక్కువ. 1900 తరువాత ఎవరికీ కనిపించకపోయేసరికి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లె పరిసరాల్లో, స్థానికంగా పిట్టలు పట్టేవాళ్ల సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దీన్ని మళ్లీ కనుక్కున్నారు. దీని కోసమే ఆ కొండల్లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ప్రపంచంలో ఇంకెక్కడా దీనికి తెలిసిన స్థిరమైన ఉనికి లేదు.

అభయారణ్యం ప్రకటించాక అసలు ప్రశ్న వచ్చింది: దీనికి ఎలాంటి అడవి కావాలి? కొలిచి చూస్తే వచ్చిన జవాబు 2004లో అచ్చయింది. 2 మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, 2 మీటర్లకు లోపువి 1000కి తక్కువగా ఉన్న చోటే ఇది ఎక్కువగా దొరికే అవకాశం ఉంది. 300 కన్నా తగ్గితే దాక్కోవడానికి చోటుండదు. 700 దాటితే పరిగెత్తడానికి, మేయడానికి నేల మిగలదు. దీని తిండిలో పెద్ద భాగం చెదలు, చీమలు. అవి దొరికేది గచ్చకాయలాడుకోవడానికి ఊడ్చినట్టుండే ఆ వట్టి నేల మీదే.

ఈ అంకె మీ ఊరి మిట్టకు సరిపోతుందో లేదో చూడటానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఒక మేకు, సాగని తాడు, 2 మీటర్ల కర్ర చాలు. తాడును సరిగ్గా 5 మీటర్ల 64 సెంటీమీటర్లకు కొలిచి ముడి వేయాలి. మేకు పాతి ఆ తాడుతో చుట్టూ తిరిగితే లోపల పడేది 100 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో నూరోవంతు. ఆ వలయంలో 2 మీటర్ల కర్రను దాటిన పొదలు 3 నుంచి 7, దానికి లోపువి 10కి తక్కువ ఉంటే కలివి కోడి మెచ్చే అడవి అదే.

తప్పులు ఎక్కడ జరుగుతాయో చెబుతాను. పొద మొదలు వలయంలో ఉంటేనే లెక్కపెట్టాలి. కొమ్మలు లోపలికి వాలినా మొదలు బయట ఉంటే వదిలేయాలి. ఒకే మొదలు నుంచి 5 కాండాలు లేస్తే అది ఒక్క పొదే. అన్నిటికన్నా పెద్ద తప్పు మేకు పాతడంలో వస్తుంది. ముళ్లు గుచ్చుకుంటాయని కాలు తెలియకుండానే తెరిపి వైపు పోతుంది, అప్పుడు పొదలు తక్కువగా లెక్క తేలుతాయి. దానికి మందు ఒకటే: ఒక దిక్కు ఎంచుకొని తిన్నగా 50 అడుగులు వేసి, పాదం ఎక్కడ పడితే అక్కడే మేకు కొట్టాలి. పొద మధ్యలో పడినా అక్కడే. ఇలా కనీసం 20 వలయాలు వేయాలి. 20 వలయాల్లో కలిపి 96 పెద్ద పొదలు వచ్చాయనుకోండి, సగటు 4.8, దాన్ని 100తో హెచ్చిస్తే హెక్టారుకు 480. ఒకటి రెండు వలయాలతో సరిపెట్టుకుంటే వచ్చే అంకెకు విలువ లేదు. చిట్టడవి పలకలు పలకలుగా ఉంటుంది, ఒక పక్క కమ్ముకొని, ఇంకో పక్క బోసిగా.

ఇప్పుడు మనం మొక్కలు నాటే లెక్కను దీనితో పోల్చి చూడండి. మొక్కకూ మొక్కకూ 3 మీటర్లు, వరుసకూ వరుసకూ 3 మీటర్లు అన్నది అందరికీ అలవాటైన దూరం. ఆ దూరంలో హెక్టారుకు 1,111 మొక్కలు పడతాయి. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో గ్రీన్ క్రెడిట్ (చెట్లు పెంచినందుకు ఇచ్చే పాయింట్లు) కోసం ఇచ్చిన పద్ధతిలోనూ హెక్టారుకు కనీసం 1100 చెట్లన్న షరతు ఉండేది. అందులో నాటడానికి చూపిన భూముల్లో పలుచని అడవి, పొద భూమి కూడా ఉండేవి. మన వలయంలో అయితే 11 చెట్లు. కలివి కోడి మెచ్చే లెక్కలో పై హద్దు 7. నాటినవి బతికితే పిట్టకు చోటు పోయింది. చస్తే గుంతలు తవ్విన నష్టం మిగిలింది. ఎటు చూసినా ఆ నేలకు మేలు జరగలేదు.

ఖాళీ నేల ఏం పని చేస్తుందన్నది పిట్టతోనే ఆగదు. కడప వైపు ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అది కూడా కొద్ది రోజుల్లో దబదబా పడి పోతుంది. పొదల మధ్య నేల పై పొర గట్టిగా, గులకరాళ్లతో ఉంటుంది కాబట్టి నీళ్లు అక్కడ ఇంకకముందే జారతాయి. జారిన నీళ్లు కింది పొద దగ్గర ఆగుతాయి. ఎందుకంటే పొద మొదట్లో రాలిన ఆకు ఉంటుంది, గాలికి కొట్టుకొచ్చిన మెత్తని మన్ను ఉంటుంది, చెదలు తొలిచిన సన్నని దారులుంటాయి. నీరు అక్కడ దిగిపోతుంది. ఒక పొద గొడుగు 4 చదరపు మీటర్లు, దాని పైవాలున 16 చదరపు మీటర్ల వట్టి నేల ఉందనుకుందాం. 20 మిల్లీమీటర్ల వాన పడితే పొద మీద నేరుగా పడేది 80 లీటర్లు. వట్టి నేల మీద పడేది 320 లీటర్లు. అందులో పావు వంతు పారివచ్చినా పొదకు ఇంకో 80 లీటర్లు చేరాయి. అంటే ఆ పొద 700 మిల్లీమీటర్ల ఊళ్లో ఉండి రెట్టింపు వాన తాగుతోంది. ఆ ఖాళీ దాని పరీవాహక ప్రాంతం. అక్కడ ఓ గుంత తవ్వి మొక్క పెడితే, కింద ఏళ్ల తరబడి నిలబడిన కలివికో రేగుకో వచ్చే నీటి వాటాకు గండి కొట్టినట్టే. మొక్కకూ చాలదు, పొదకూ చాలదు.

పొద అడుగు ఇంకో పని కూడా చేస్తుంది. పిగిలిపిట్టలు, గోరువంకలు పండు తిని పొద మీద వాలి రెట్ట వేస్తాయి. వేప లాంటివి ఆ పొద నీడన మొలుస్తాయి. ముళ్లుంటాయి కాబట్టి మేక మూతి అందదు. పదేళ్లకు పొద నెత్తిన వేప తల ఎత్తుతుంది. ట్రీ గార్డు కొనకుండా, బోరు నీళ్లు పోయకుండా చిట్టడవి చెట్టును పెంచే తీరు ఇది. మనం చేయవలసిందల్లా ఆ పొదను "శుభ్రం" చేయకుండా ఉండటం.

దసరానాడు తెలంగాణలో పాలపిట్టను చూసి జమ్మికి మొక్కుతాం, అంతకుముందు తొమ్మిది రోజులు తంగేడు పూలతో బతుకమ్మను పేరుస్తాం. ఆ మూడూ రాష్ట్ర చిహ్నాలు కూడా. తంగేడు రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం, పాలపిట్ట రాష్ట్ర పక్షి. మూడూ తెరిపి నేల బిడ్డలే. తంగేడు గరుసు నేలలో నిండు ఎండలో పూస్తుంది, దట్టమైన నీడలో పూయదు. పాలపిట్ట ఎండు కొమ్మ మీదో కరెంటు తీగ మీదో కూర్చొని కింది వట్టి నేల మీద మిడతలు, పురుగులు, తొండలు కదిలితే దూకి పట్టుకుంటుంది. కూర్చోవడానికి ఎత్తు, వేటాడటానికి తెరిపి, రెండూ కావాలి. నేలంతా మొక్కలతో కప్పేస్తే దానికి కింద ఏమీ కనిపించదు. పండుగ నాడు పాలపిట్ట కనిపించడం లేదని బాధపడేవాళ్లందరూ ఈ లెక్క ఒక్కసారి చూడాలని నా కోరిక. పంజరంలో పెట్టి చూపించడం దానికి జవాబు కాదు, అది చట్టప్రకారం నేరం కూడా.

నాటినప్పుడు ఏం తప్పిపోతుందో ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "నాటడం వల్ల నష్టమేముంది" అన్న మాటే అన్ని చోట్లా వినిపిస్తుంది.

మొదటి నష్టం జేసీబీతో మొదలవుతుంది. గుంతలు తీసేముందు "కంప కొట్టడం" అని నేల చదును చేస్తారు. ఎండు అడవి చెట్లలో ఒక గుణముంది. చండ్ర, తునికి, ఏగిస, ఎర్రచందనం లాంటివి విత్తనం నుంచి మొలిచాక మొదటి కొన్నేళ్లు పైకి ఎదగవు. వానాకాలంలో జానెడు పెరిగి, ఎండాకాలంలో పై కాండం ఎండిపోతుంది. చచ్చిందనుకుంటాం. కింద వేరు మాత్రం ఏటికేడు లావెక్కుతూ ఉంటుంది. చాలినంత బలం కూడగట్టుకున్నాక ఒక ఏడాది చివ్వున లేచి మళ్లీ వెనక్కు చూడదు. జేసీబీ పళ్లు పెకలించేది ఈ వేళ్లనే. చూపుకు ఖాళీగా కనిపించే చోట కూడా నేల కింద అడవి సిద్ధంగా ఉంటుంది. దాన్ని తీసి పారేసి, ఆ చోటే ఏడాది వయసున్న నర్సరీ మొక్కను పెడతాం.

ఆ నర్సరీ మొక్క సంగతి రెండోది. పాలిథిన్ సంచి అడుగుకు చేరిన తల్లివేరు తోవ దొరక్క చుట్ట చుట్టుకుంటుంది. సంచిలో 6 నెలలు దాటి ఉంచితే చాలా జాతుల్లో ఇదే జరుగుతుంది. దాన్ని అలాగే గుంతలో పెడితే నేలలోనూ వేరు చుట్టలోనే తిరుగుతుంది, కిందికి దిగదు. రెండు వానాకాలాలు నీళ్లు పోస్తే పచ్చగా ఉంటుంది, ఫొటోలో బాగుంటుంది. నీళ్లు ఆపిన ఏడాది ఏప్రిల్‌లో వాడిపోతుంది. నాటక తప్పని చోట కనీసం సంచిని చింపి, అడుగున చుట్టిన వేరును కత్తితో 2 సెంటీమీటర్లు కోసి పెట్టండి. గుంత 45 సెంటీమీటర్ల ఘనంగా తీసి, అడుగున మొరం గట్టిగా తగిలితే గడ్డపారతో ఇంకో జానెడు పగలగొట్టండి. పగలగొట్టకపోతే ఆ గుంత వానకు తొట్టి అవుతుంది, వేరు కుళ్లుతుంది. ఎండకు కుండీ అవుతుంది, వేరు మాడుతుంది.

మూడోది కందకాలు. పూర్తిగా బోడి అయిపోయిన, గాడులు పడిన వాలు మీద కందకం మేలే చేస్తుంది. పొదలున్న చోట అడ్డంగా బారుగా తవ్వితే పక్కవేళ్లు తెగుతాయి, తవ్విన మట్టి కుప్ప తెరిపి నేలను కప్పేస్తుంది, నక్షత్ర తాబేలు లాంటివి పడితే ఎక్కి రాలేవు. ఉపాధి హామీలో చిట్టడవిలో కందకాలే ఎక్కువ కనిపించడానికి కారణం కొలత. కందకం పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఘనపు మీటర్లు రాస్తే కూలి లెక్క తేలుతుంది. "ఈ 20 హెక్టార్లను ముట్టుకోలేదు" అన్న పనికి కొలత పుస్తకంలో వరుస లేదు. కూలి అందాలంటే తవ్వాలి. కాబట్టి చిట్టడవికి మేలు చేసే పనిని కూడా లెక్కపెట్టగల పనిగా మార్చాలి. ఎంత చుట్టుకొలత ఉన్న సర్కారు తుమ్మ మోడుకు ఎంత కూలి అని పెట్టవచ్చు. అది ఎలాగో కింద చెబుతాను.

అంతకుముందు ఒక న్యాయమైన ప్రశ్న. మరి నీడ వద్దా? చెట్లు వద్దా? కావాలి. రోడ్ల పక్కన, బడుల్లో, చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద, తవ్వి వదిలేసిన క్వారీల్లో ఎన్ని నాటితే అంత మంచిది. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం కింద రోడ్ల పక్కన పెరిగిన నీడ వేసవిలో నడిచేవాళ్లకు నిజమైన మేలు. మారేడుమిల్లి లాంటి తడి కొండల్లో కొమ్మ కొమ్మ కలిసి నీడ కమ్మడమే అడవి లక్షణం, అక్కడ ఈ వ్యాసంలోని అంకెలు పనికిరావు. నేను పేచీ పెడుతున్నది ఒక్క చోటే. ముళ్ల పొదలు, తెరిపి కలిసి ఇప్పటికే అడవిగా బతుకుతున్న నేలను ఖాళీ జాగా అనుకోవడం దగ్గర.

కలివి కోడి కథలోనూ ఆ పొరపాటు మూల్యం కనిపిస్తుంది. తెలుగు గంగ కాలువల పనుల్లో 2005లో యంత్రాలు అభయారణ్యంలోకే వచ్చి చిట్టడవిని తవ్వాయి. అభ్యంతరాలతో పని ఆగి, కాలువ దారి మార్చారు. అభయారణ్యం బయట ఉన్న పొద నేలలు చాలావరకు సాగులోకి, నిమ్మ తోటల్లోకి పోయాయి. గీత లోపల ఉన్నదాన్ని కాపాడుకుంటే చాలదు, గీత బయటి పోరంబోకు మిట్టలే ఆ పిట్టకు మిగతా ఇల్లు.

ఇక మేత. జీవాలను పూర్తిగా వెళ్లగొట్టాలనేవాళ్లతో నేను ఏకీభవించను. మేకలు, గొర్రెలు, వంటచెరకు కోసం కొమ్మ కొట్టడం, ఇవి కొంత ఉన్నందుకే చాలా చోట్ల తెరిపి తెరిపిగా నిలిచింది. పూర్తిగా ఆపేస్తే వాన ఎక్కువ పడిన రెండు మూడేళ్లకే పొదలు కమ్ముకుంటాయి. మితిమీరితే నేల చెడిపోతుంది. ఏది మితమో నేలే చూపిస్తుంది. పొదలన్నీ కత్తిరించిన దిండ్లలా గుండ్రంగా అయ్యాయంటే మేత ఎక్కువైంది. గులకరాళ్లు చిన్న చిన్న మట్టి పీఠాల మీద నిలబడినట్టు కనిపిస్తే చుట్టూ ఉన్న మన్ను కొట్టుకుపోతోందని అర్థం, అప్పుడు ఆ భాగాన్ని మూసేయాల్సిందే. తిన్నగా 20 అడుగులు నడవడానికి ఐదారు సార్లు పక్కకు తిరగాల్సి వస్తే పొదలు కమ్ముకుంటున్నట్టు. ఊరి మిట్టను 5 ముక్కలు చేసి, ఏటా ఒక ముక్కలో మాత్రమే కట్టె కొట్టి, కొట్టిన ముక్కను 2 వానాకాలాలు మేతకు మూసేస్తే సరిపోతుంది. ఈ నిర్ణయం కాపరులు కూర్చున్న చోట జరగాలి. వాళ్లు లేకుండా గీసిన గీత వారం కూడా నిలవదు.

కట్టె కొట్టడానికీ ఒక పద్ధతి ఉంది. ఆకు రాలి ఉన్నప్పుడు, అంటే సంక్రాంతి దాటాక, పదునైన గొడ్డలితో నేలకు జానెడు లోపు ఎత్తులో, వాలుగా కొట్టాలి. వాలు ఉంటే వాన నీరు మోడు మీద నిలవదు. మొద్దు గొడ్డలితో కొడితే బెరడు చీలి వేరు దాకా ఊడుతుంది, ఆ మోడు చిగురించదు. రెండో ఏడాది గట్టి పిలకలు 2, 3 ఉంచి మిగతావి తీసేస్తే ఉంచినవి నిటారుగా లేస్తాయి.

చిట్టడవికి నిజంగా చేటు చేసేది సర్కారు తుమ్మ. ఇది మన నేల చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. మన దేశంలో దీన్ని మొదట వేసిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి, 1877లో. కలివి కోడి ఉండే కొండలకు ఎంతో దూరం కాదు. వంటచెరకుగా, బొగ్గుగా ఎంతోమందికి ఇది బువ్వ పెట్టిన మాట నిజం, ఊరి పక్క చెరువు శిఖంలో దాన్ని వాడుకుంటే అభ్యంతరమేమీ లేదు. చిట్టడవిలో మాత్రం తెరిపిని మింగేస్తుంది. మేకలు, పశువులు దాని కాయను తిని గింజను పేడలో మోసుకొస్తాయి. ఆ గింజ నేలలో ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటుంది.

దీన్ని కొట్టేయడం వల్ల లాభం లేదు, ఒక కాండం స్థానంలో పది లేస్తాయి. మొగ్గలన్నీ నేలకు కాస్త కింద, వేరూ కాండమూ కలిసే ముడిలో ఉంటాయి. ఆ ముడి కిందికి, 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతున తల్లివేరును నరికి మోడుతో సహా పైకి తీయాలి. తొలకరి తరువాత నేల మెత్తబడినప్పుడు ఇద్దరు మనుషులు, గడ్డపార, గొడ్డలి ఉంటే బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు దాకా ఉన్నవి సులువుగా వస్తాయి. ముందు చిన్నవి తీయాలి, పెద్ద చెట్లు తరువాత. కొత్తగా చొరబడుతున్న అంచున మొదలుపెట్టి గుబురు వైపు పోవాలి. చాలామంది గుబురుతో మొదలుపెట్టి అక్కడే అలసిపోతారు, అంచు ఈలోపు ఇంకో ఎకరం ముందుకు పోతుంది. తీసిన గుంతను వెంటనే పూడ్చి తొక్కాలి. తరువాతి 3 వానాకాలాలు ఆగస్టులో ఒకసారి తిరిగి మొలకలు చేత్తో పీకాలి. ఈ మూడేళ్ల పని బడ్జెట్‌లో లేకపోతే మొదటి ఏడాది పని మొదలుపెట్టకపోవడమే నయం, ఎందుకంటే కదిలిన మట్టిలో గింజలు ఇంకా ఎక్కువ మొలుస్తాయి. మోడు చుట్టుకొలతను మూడు తరగతులు చేసి, తరగతికింత అని కూలి కడితే, కుప్ప పెట్టిన మోడులను లెక్కపెట్టి రాసుకోవచ్చు. ఘనపు మీటరు కన్నా సులువు.

పొదలే లేకుండా పోయిన చోట విత్తనం వేయాలి, మొక్క కాదు. కలివి, బలుసు పండ్ల గుజ్జు కడిగి అదే వానలో వేసేయాలి, వాటి గింజ నిలవ ఉండదు. వేప కూడా రెండు మూడు వారాలకే శక్తి పోగొట్టుకుంటుంది. చండ్ర, తుమ్మ గింజలను మరిగి దించిన నీళ్లలో వేసి ఆ నీళ్లు చల్లారేదాకా, రాత్రంతా వదిలేయాలి. రేగు గింజ గట్టి పెంకును రాయితో నెమ్మదిగా చిట్లించాలి, లోపలి పప్పు నలగకూడదు. ఏ గింజనైనా దాని లావుకు రెండింతల లోతులో పెట్టాలి. ఉన్న పొదకో రాతికో తూర్పు పక్కన పెడితే మధ్యాహ్నం తరువాత ఎండ తగలదు. వలయం లెక్కలో పెద్ద పొదలు 3కు తగ్గిన చోటే వేయాలి, వలయానికి 5, 6 చోట్లకు మించి వద్దు. అన్నీ మొలవవు. మొలిచినవి మొదటి వేసవిలో పైకి ఎండిపోతే పీకి పారేయకూడదు. కింద వేరు పని చేస్తోంది.

ఇవన్నీ చేశాక ఎవరు వచ్చారో తెలుసుకోవడానికి రాత్రి టార్చి పట్టుకొని తిరగనక్కర్లేదు, తిరగకూడదు. కూతలు రికార్డు చేసి వినిపించి పిట్టల్ని రప్పించడం అసలే వద్దు, అవి గూడు వదిలి పోవచ్చు. అభయారణ్యం లోపలైతే అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. ఊరి మిట్ట మీదైతే మట్టి పట్టీలు చాలు. పొదల మధ్య నడవడానికి వీలున్న తోవలో 5 మీటర్ల పొడవు, పాతిక సెంటీమీటర్ల వెడల్పున రాళ్లు ఏరి, జల్లించిన మెత్తని మన్ను వేలి మందాన పరచాలి. సాయంత్రం చీపురు పుల్లతో సాపు చేసి వదిలేస్తే పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు అచ్చులు లోతుగా కనిపిస్తాయి, 9 దాటితే చదవలేం. కుందేలు, ఉడుము, కౌజు, ముంగిస ముందు వారంలోనే తెలుస్తాయి. మూడు వేళ్లు ముందుకు ఉండి వెనక వేలు అసలే లేని అచ్చు పడితే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. తీతువుకు వెనక చిన్న వేలున్నా మట్టిలో దిగదు, కాబట్టి ఒక్క అచ్చు చూసి కలివి కోడి అని తేల్చేయకూడదు. వరుసగా పడిన అడుగుల మధ్య దూరం, మధ్యవేలి పొడవు రాసుకోవాలి. రాత్రి వాన పడితే పొద్దున పట్టీ మీద చినుకుల గుంటలే ఉంటాయి. ఆ మన్ను ఎత్తి ఆరబోసి, మళ్లీ జల్లించి సాయంత్రానికి పరచాలి.